లెక్కలు రాసిన నర్సమ్మ

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే మనలో చాలామందికి ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. తెల్ల టోపీ, పొడుగు గౌను, చేతిలో దీపం. నేను చదివిన ఇంగ్లీష్ మీడియం స్కూల్లో ఆమె మీద పేజీన్నర పాఠం ఉండేది. కింద ఖాళీలు పూరించండి. లేడీ విత్ ద ల్యాంప్ అని రాస్తే ఒక మార్కు. మళ్ళీ ఆమె పేరు కనిపించింది పోయిన సెమిస్టర్‌లో, అదీ డేటా విజువలైజేషన్ క్లాసులో. స్లైడ్ మీద విచ్చుకున్న పువ్వులాంటి గ్రాఫ్ ఒకటి, కింద ఆమె పేరు, ఏడు 1858. నర్సుకి గ్రాఫ్‌తో ఏం పని అని ఆ రాత్రి హాస్టల్లో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆ కథ ఇస్తాంబుల్ దగ్గర మొదలై లండన్ మీదుగా మా కడప జిల్లా కరువు దాకా వచ్చింది. అందుకే ఈసారి మన పత్రికకి ఇది రాస్తున్నా.

ముందు ఆ దీపం సంగతి తేల్చేద్దాం. బొమ్మల్లో చూపించేది అల్లావుద్దీన్ దీపం లాంటిది. ఆమె నిజంగా పట్టుకున్నది టర్కీ వాళ్ళు వాడే మడత లాంతరు. లోపల కొవ్వొత్తి, చుట్టూ హార్మోనియం తిత్తిలా ముడుచుకునే తొడుగు. అంతే.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే పెట్టారు. అక్క నేపుల్స్‌లో పుట్టింది కాబట్టి ఆ ఊరి పాత గ్రీకు పేరు, పార్థెనోపీ. ఇంగ్లండ్‌లో రెండు పెద్ద భవంతులున్న కలవారి కుటుంబం. తండ్రి విలియం ఇద్దరు కూతుళ్ళకీ తనే దగ్గర కూర్చోబెట్టి గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం నేర్పించాడు. ఈమెకి మాత్రం లెక్కల పిచ్చి. లెక్కలు నేర్చుకుంటానని పట్టుబడితే తల్లికి నచ్చలేదు. పెళ్ళి కావాల్సిన పిల్లకి లెక్కలెందుకని ఆమె బాధ.

లెక్కలే నచ్చని ఇంట్లో నర్సు అవుతానంటే ఎలా ఉంటుంది? పదహారేళ్ళ వయసులో, 1837లో, దేవుడు తనని ఒక పనికి పిలిచాడని ఆమె నమ్మింది. ఆ పని రోగుల సేవ అని తేల్చుకోడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ కాలంలో నర్సు అంటే మందు తాగే ఆడది, వేరే దిక్కులేక ఆ పనికొచ్చింది అనే అభిప్రాయం. ఇంట్లో పెద్ద గొడవ. తల్లీ అక్కా ఏడుపులు, మూర్ఛలు. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అనే కవి, పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. అతనంటే ఆమెకి ఇష్టమే. అయినా పెళ్ళి వద్దంది.

ఇక్కడ చిన్న పక్కమాట. మా చిన్నమ్మ ప్రొద్దుటూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెకి సంబంధాలు చూసేటప్పుడు నైట్ డ్యూటీ మాట రాగానే రెండు సంబంధాలు వెనక్కి పోయినాయి. ఒకాయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పిల్ల ఉద్యోగం మానుకుంటుందా అని మాత్రం అడిగి లేచాడు. ఇది జరిగింది 2016లో. కాబట్టి 1840ల్లో ఆ అమ్మాయి ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోడానికి నాకు పెద్ద కష్టం కాలేదు.

పదేళ్ళకి పైగా ఇంట్లోనే ఉండి, తెల్లవారుజామున లేచి, దొరికిన ప్రభుత్వ ఆరోగ్య నివేదికలన్నీ తెప్పించుకుని చదివేది. మధ్యలో 1850లో గ్రీసు వెళ్ళినప్పుడు ఏథెన్స్‌లో పిల్లల చేతిలో చిక్కిన ఒక గుడ్లగూబ పిల్లని కాపాడి తెచ్చుకుంది. దాని పేరు అథీనా. జేబులో పెట్టుకుని తిరిగేది. 1851లో ఎలాగో ఇంట్లో వాళ్ళని ఒప్పించి జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట మూడు నెలలు శిక్షణ తీసుకుంది. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయింది. అప్పటికి ముప్పై మూడేళ్ళు.

మరుసటి ఏడు యుద్ధం. రష్యా ఒకవైపు, టర్కీ, బ్రిటన్, ఫ్రాన్స్ ఇంకోవైపు, క్రిమియాలో. విలేఖరి నేరుగా యుద్ధభూమి నుంచి వార్తలు పంపిన తొలి యుద్ధాల్లో అదొకటి. విలియం హోవార్డ్ రస్సెల్ అనే ఆయన టైమ్స్ పత్రికకి వార్తలు రాసేవాడు. గాయపడిన సైనికులకి కట్టు కట్టే దిక్కు లేదని లండన్‌లో జనం పొద్దున్నే చదివి భగ్గుమన్నారు. యుద్ధ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకి స్నేహితుడు. ఆయన అడగడం, ఆమె ఒప్పుకోవడం రెండు మూడు రోజుల్లో జరిగిపోయాయి. బయలుదేరే హడావిడిలోనే అథీనా చచ్చిపోయింది. 1854 అక్టోబరు 21న 38 మంది ఆడవాళ్ళతో లండన్ వదిలింది. వాళ్ళలో క్రైస్తవ సన్యాసినులున్నారు, ఆస్పత్రుల్లో జీతానికి పనిచేసిన మామూలు ఆడవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళు చేరింది యుద్ధభూమికి కాదు. ఇస్తాంబుల్ ఎదురుగా, ఆసియా ఒడ్డున ఉన్న స్కుటారి అనే చోటుకి. అక్కడ టర్కీ సైన్యం బ్యారక్స్‌ని ఆస్పత్రి చేశారు. క్రిమియాలో దెబ్బ తగిలినవాణ్ణి ఓడ ఎక్కించి, నల్ల సముద్రం మీద దాదాపు 500 కిలోమీటర్లు తీసుకొస్తారు. ఓడలోనే కొందరు పోయేవాళ్ళు. నర్సులు చేరింది నవంబరు మొదటి వారంలో. మొదట సైనిక డాక్టర్లు వాళ్ళని వార్డులోకే రానివ్వలేదు. ఆమె గొడవ పడలేదు. తన నర్సులకి కట్టుగుడ్డలు కుట్టే పని చెప్పి ఊరుకుంది. అంతలో ఇంకర్‌మన్ యుద్ధం నుంచి క్షతగాత్రులు ఓడల నిండా దిగారు. డాక్టర్లే వచ్చి పిలిచారు.

ఆ ఆస్పత్రి ఎట్లుండేదో చదివితే అన్నం తినబుద్ధి కాదు. పరుపులు చాలక జనం నేల మీద వరుసగా పడుకున్నారు. ఆ వరుసలన్నీ కలిపితే నాలుగు మైళ్ళని అంటారు. పేలు, ఎలుకలు. కిందనేమో మురుగు నిండిపోయిన కాలువలు, ఆ వాసన గోడల్లోంచి వార్డుల్లోకి. ఆమె చేసిన మొదటి పనులు చాలా మామూలువి. చీపుర్లు, చొక్కాలు, సబ్బు, చెంచాలు కొనింది. టైమ్స్ పత్రిక పాఠకులు చందాలిచ్చిన డబ్బు దానికి పనికొచ్చింది. ఒక ఇల్లు అద్దెకి తీసుకుని బట్టలుతికే ఏర్పాటు చేసింది, ఉతికేందుకు సైనికుల భార్యలని పెట్టింది. రోగులకి వేరే వంటగది పెట్టింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళకి తనే ఉత్తరాలు రాసేది. రాత్రి లాంతరు పట్టుకుని తిరగడం వీటన్నిటి తర్వాత.

అయినా చావులు తగ్గలేదు. పాఠంలో లేని ముక్క ఇదే. ఆమె వచ్చాక కూడా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చేరినవాళ్ళలో నూటికి 42 మంది చనిపోయే దాకా వెళ్ళింది. ఆ ఒక్క చలికాలంలోనే అక్కడ నాలుగు వేల మందికి పైగా పోయారు. గాయాలతో పోయినవాళ్ళు తక్కువ. కలరా, టైఫస్, టైఫాయిడ్, రక్త విరేచనాలు. కాలికి తూటా తగిలి వచ్చినవాడు కాలు మానుతుండగా విరేచనాలతో పోయేవాడు.

మార్చిలో లండన్ నుంచి ఒక శానిటరీ కమిషన్ వచ్చింది. జాన్ సదర్లాండ్ అనే డాక్టరు, రాబర్ట్ రాలిన్సన్ అనే ఇంజనీరు అందులో ముఖ్యులు. వాళ్ళు మురుగు కాలువలు కడిగించారు, చచ్చిన జంతువుల్ని తీసి పూడ్పించారు, గోడలకి సున్నం కొట్టించారు, కిటికీలు తెరిపించారు. ఆస్పత్రికి నీళ్ళొచ్చే దారిలో కుళ్ళిన గుర్రం కళేబరం దొరికిందని రాశారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకి పడిపోయాయి. మన పుస్తకాలు ఈ 42ని, 2ని పక్కపక్కన పెట్టి ఆ ఘనతంతా దీపానికి కట్టబెడతాయి. నా లెక్క ప్రకారం అందులో పెద్ద వాటా సివిల్ ఇంజనీరుది. మన సివిల్ బ్రాంచ్ వాళ్ళు ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

అసలు యుద్ధభూమి పక్కనే పనిచేసిన ఇంకో ఆవిడ ఉంది, మేరీ సీకోల్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1805లో పుట్టింది. తల్లి నల్లజాతి ఆవిడ, ఆకులతో కషాయాలతో వైద్యం చేసేది. తండ్రి స్కాట్లాండ్ సైనికుడు. కలరా రోగులకి సేవ చేసిన అనుభవం సీకోల్‌కి నైటింగేల్ కంటే ఎక్కువే. నర్సుగా పంపమని లండన్‌లో అడిగితే తీసుకోలేదు. సరే అని సొంత ఖర్చుతో క్రిమియా వెళ్ళి, బాలక్లావా దగ్గర బ్రిటిష్ హోటల్ పేరుతో రేకులు, పాత చెక్కలతో ఒక కొట్టు కట్టింది. అక్కడ అన్నం అమ్మేది, మందులిచ్చేది. యుద్ధం జరుగుతుంటే కట్టుగుడ్డలు, తిండి కంచరగాడిదల మీద వేసుకుని గాయపడినవాళ్ళ దగ్గరికి పోయేది. యుద్ధం ఆగగానే సరుకు మిగిలిపోయి దివాలా తీసింది. 1857లో తన కథ పుస్తకంగా రాసింది, 1881లో చనిపోయింది. తర్వాత దాదాపు వందేళ్ళు ఆమెని ఎవరూ తలుచుకోలేదు. నైటింగేల్‌కి ఆమె మీద మంచి అభిప్రాయం లేదు. హోటల్లో మందు అమ్మేదని ఆమె అభ్యంతరం. ఈ విషయంలో నేను సీకోల్ పక్షం.

నైటింగేల్ కూడా 1855 మేలో క్రిమియా వెళ్ళింది. అక్కడే జ్వరం పట్టుకుని చావు దాకా పోయి వచ్చింది. ఆ జబ్బు జీవితాంతం వదల్లేదు. 1856 ఆగస్టులో, దొంగ పేరుతో, ఊరేగింపులేవీ లేకుండా ఇంటికి చేరింది. అప్పటికి ఇంగ్లండ్‌లో రాణి తర్వాత ఈమెదే పేరు. ఆ పేరుతో హాయిగా బతికేయొచ్చు. ఆమె మాత్రం లెక్కలు తీసింది.

ఆ డేటా పరమ చెత్తగా ఉండింది. ఆస్పత్రి పుస్తకంలో ఒక సంఖ్య, సైన్యం పుస్తకంలో ఇంకో సంఖ్య, పూడ్చినవాళ్ళ లెక్క మూడోది. ఏ రెండూ కలవవు. జబ్బుల పేర్లు ఒక్కో డాక్టరు ఒక్కోలా రాశాడు. మన మినీ ప్రాజెక్టులో డేటా క్లీనింగ్ అని రెండు వారాలు తిట్టుకున్నాం కదా. ఆమె దగ్గర ఉన్నవి కాగితాలు, సిరా, విలియం ఫార్ అనే గొప్ప గణాంక నిపుణుడి సాయం. ఇద్దరూ కూర్చుని నెలలవారీగా, కారణాలవారీగా చావుల్ని విడగొట్టారు. యుద్ధం మొత్తంలో బ్రిటిష్ సైన్యంలో యుద్ధంలోనో గాయాలతోనో పోయినవాళ్ళు ఐదు వేల లోపు. జబ్బులతో పోయినవాళ్ళు పదహారు వేల పైన.

ఇంకో సంగతి కూడా తేలింది. యుద్ధభూమి దగ్గరున్న గుడారాల ఆస్పత్రుల కంటే స్కుటారిలోనే చావుల రేటు ఎక్కువ. అంటే ఆమె ఆస్పత్రిలో. 1857లో ఆమె ఉన్నట్టుండి కుప్పకూలి మంచం పట్టింది. ఈ సంఖ్యలు చూసిన దెబ్బే అందుకు కారణమని కొందరు చరిత్రకారులు అంటారు, కాదు పాత జ్వరమే అని ఇంకొందరు. ఏదైనా సరే, ఆమె ఆ సంఖ్యల్ని దాచలేదు. దాచి ఉంటే అడిగేవాడే లేడు. దేశమంతా దేవతని చేసి కూర్చోబెట్టినప్పుడు, నా వార్డులో చనిపోయినవాళ్ళ లెక్క ఇదీ అని అచ్చు వేయించడం నాకు లాంతరు కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఆ పువ్వు గ్రాఫ్ అప్పుడే పుట్టింది. పన్నెండు రేకులు, నెలకొకటి. రేకు వైశాల్యం చావుల సంఖ్య. ఎరుపు గాయాలు, నలుపు ఇతర కారణాలు, నీలం ఆపగలిగిన జబ్బులు. చూడగానే కళ్ళకి కొట్టేది నీలమే. పట్టికలు చదవని మంత్రులకి, రాణికి కూడా ఒక్క చూపులో అర్థం కావాలని గీసింది. 1858లో స్టాటిస్టికల్ సొసైటీ ఆమెని సభ్యురాలిగా చేర్చుకుంది. ఆ సంఘంలో మొదటి మహిళ ఆమే. తమాషా ఏంటంటే, జబ్బులకి కారణం ఆమె చాలా కాలం తప్పుగానే అనుకుంది. చెడు గాలి, దుర్వాసన వల్ల వస్తాయని నమ్మింది. సూక్ష్మక్రిముల సంగతి వచ్చాక కూడా వెంటనే ఒప్పుకోలేదు. కానీ మురుగు తీస్తే చావులు తగ్గుతాయని సంఖ్యలు చెప్పాయి, ఆమె సంఖ్యల మాట వినింది.

1860లో జనం చందాలతో వచ్చిన సుమారు 45 వేల పౌండ్లతో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల స్కూలు పెట్టించింది. నర్సింగ్ జీతం, శిక్షణ ఉన్న వృత్తి కావడానికి అది పెద్ద మలుపు. ఇది అందరికీ తెలిసిందే, సాగదీయను.

తర్వాత ఆమె చూపు ఇండియా మీద పడింది. ఆమె ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. మంచం మీద నుంచే నలభై ఏళ్ళు మన దేశం గురించి రాసింది. పూర్తి వర్క్ ఫ్రం హోమ్. 1859లో ఇండియాలోని సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేయించి, దేశంలోని కంటోన్మెంట్లకి ప్రశ్నపత్రాలు పంపించింది. తాగే నీళ్ళు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, ఒక్కో గదిలో ఎంతమంది పడుకుంటారు. 1863లో వచ్చిన నివేదిక రెండు వేల పేజీల పైమాటే. అప్పటికి ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. పదేళ్ళకి అది 18కి వచ్చిందని ఆమె రాసింది. మొదట ఆమె పట్టించుకున్నది తెల్ల సైనికుల్నే, ఇది మర్చిపోకూడదు. పక్కనున్న పల్లెల్లో కలరా ఉంటే కంటోన్మెంటులో ఎంత కడిగినా ఏం లాభం అన్న ప్రశ్న నుంచి మన పల్లెల దాకా వచ్చింది.

ఆ తర్వాత 1876. ధాత నామ సంవత్సరం. మా వైపు పెద్దవాళ్ళు ధాత కరువు అంటారు. వానలు పోయినాయి. మద్రాసు రాజధానిలో దత్త మండలాలు, అంటే బళ్ళారి, కర్నూలు, కడప, ఘోరంగా దెబ్బతిన్నాయి. రెండేళ్ళలో పోయినవాళ్ళు 55 లక్షల పైనే అని ఒక అంచనా. గింజల కోసం చీమల పుట్టలు తవ్వుకున్నారని మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పిందట. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేస్తున్నాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసుకొచ్చి, కరువు పనులు చేసే మనిషికి రోజుకి ఒక పౌను గింజలు, చేతిలో కొద్ది చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టేవాడికి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు అది చాలదని ఎదురు తిరిగాడు. క్రిమియాలో ఆమె చూసింది మళ్ళీ ఇక్కడ జరుగుతోంది. మనుషులు ఆకలితో సగం, కలరాతోనూ విరేచనాలతోనూ సగం పోతున్నారు.

నైటింగేల్ లండన్‌లో ఆ నివేదికలన్నీ తెప్పించుకుని చదివింది. 1878 ఆగస్టులో ఒక పెద్ద పత్రికలో ఇండియా ప్రజల మీద వ్యాసం రాసింది. కరువుని దేవుడి మీదకి నెట్టేయలేదు. అప్పుల్లో మునిగిన రైతు, వడ్డీ షావుకారు, పన్నులు, నీళ్ళు లేని పొలం, వీటి మీద కోపంగా రాసింది. మన గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో ఆమెకి ఉత్తరాలు నడిచేవి. రైలు ధాన్యాన్ని మోసుకొస్తుంది గానీ పండించదు, నీళ్ళు కావాలి అని కాటన్ వాదన. ఆమె ఆ వాదన వైపు నిలబడింది. కాలువల ఖర్చెంత, రాబడెంత లెక్కలు చూపించమని ఇండియా వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీ వెంట పడింది. ఆ లెక్కలు సరిగ్గా ఉంటే కదా ఇవ్వడానికి.

ఇక్కడే మా ఊరు వస్తుంది. మైదుకూరు, చాపాడు వైపు పొలాలకి నీళ్ళిచ్చే కేసీ కెనాల్, అంటే కర్నూలు కడప కాలువ, కాటన్ ఆలోచనల్లోంచి పుట్టిందే. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై దాదాపు 300 కిలోమీటర్లు వస్తుంది. 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది, నష్టాల్లో పడింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆ నష్టాన్నే చూపించి కాటన్‌ని లండన్‌లో ఎగతాళి చేశారు. కంపెనీకి లాభం రాని కాలువ దండగ అని వాళ్ళ లెక్క. నైటింగేల్ లెక్కలో ఇంకో వరస ఉంటుంది, నీళ్ళు లేక పోయిన ప్రాణాలు. ఆమె మా కాలువ చూడలేదు. కానీ కాలువ నీళ్ళు అందే మా చేనికీ, వాన కోసం ఆకాశం చూసే పులివెందుల వైపు మా మేనమామ వాళ్ళ చేనికీ తేడా ఏంటో లండన్‌లో మంచం మీద ఉన్న ఆమెకి బాగా తెలుసు.

ఆమె సామ్రాజ్యాన్ని వద్దనలేదు. బ్రిటిష్ వాళ్ళు బాగా పాలించాలని కోరుకుంది, వెళ్ళిపోవాలని కాదు. అది ఆమె హద్దు. అయినా పల్లె పారిశుద్ధ్యానికి డబ్బు ఇవ్వమని వైస్రాయి తర్వాత వైస్రాయికి రాస్తూనే ఉంది. పూనా సార్వజనిక సభ వాళ్ళతో కూడా ఆమెకి ఉత్తరాలు నడిచాయి. 1888లో సైనిక ఆస్పత్రుల కోసం పదిమంది శిక్షణ పొందిన నర్సులు బొంబాయిలో ఓడ దిగారు. మన మిలిటరీ నర్సింగ్ సర్వీసుకి అది మొదలు.

1890లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మీద ఆమె గొంతు రికార్డు చేశారు. క్రిమియా యుద్ధం నుంచి మిగిలి, పేదరికంలో పడిన పాత సైనికులకి నిధి పోగు చెయ్యడం కోసం. నెట్‌లో దొరుకుతుంది, వినండి. గరగరమనే శబ్దం మధ్య ఒక ముసలావిడ నిదానంగా మాట్లాడుతుంది. తర్వాత చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, ఆడవాళ్ళలో ఆమెకే మొదట. అప్పటికి ఆమెకి ఏం ఇస్తున్నారో సరిగ్గా తెలిసే స్థితి కూడా లేదు.

1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ళ వయసులో నిద్రలో పోయింది. రాజులని పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చోటిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆడంబరం వద్దని ఆమె ముందే రాసి పెట్టడంతో ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, అమ్మానాన్నల పక్కనే పూడ్చారు. పెట్టెని ఆరుగురు సార్జెంట్లు మోశారు. రాయి మీద పేరు లేదు. ఎఫ్, ఎన్ అని రెండక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ.